తీవ్రమైన లోపాలతో పుట్టిన బిడ్డ: కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

నవజాత శిశువుల విభాగం బయట బల్ల దగ్గర కూర్చుని కుటుంబాలతో మాట్లాడటం నా పని. అడిగేవాళ్లు మారుతుంటారు, ప్రశ్నలు మారవు. రాత్రి రెండింటికి తండ్రి అడిగినదే తెల్లవారాక తాతయ్య అడుగుతారు, మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన పెదనాన్న మళ్లీ మొదటి నుంచి అడుగుతారు. అందుకే వాటిని ఒకచోట రాసి పెట్టాను. ఏ జవాబు చదివినా విడిగానే అర్థమవుతుంది.

ఈ ప్రశ్నల్లో పరీక్షలతో తేలేవి కొన్ని, కుటుంబం కూర్చుని తేల్చుకోవలసినవి కొన్ని. రెండూ కలగలిసిపోయిన చోటే మనుషులు నలిగిపోవడం చూశాను. డాక్టరు తేల్చవలసినదాన్ని బంధువులు తేల్చేస్తారు, తాము తేల్చుకోవలసినదాన్ని డాక్టరు మీదికి నెడతారు. బిడ్డను స్వయంగా చూసిన డాక్టరు చెప్పే వైద్యానికి ఈ పేజీ బదులు కాదు.

## కడుపులో ఉండగానే తెలిసినప్పుడు

టిఫా స్కానులో లోపం కనిపించిందన్నారు. ఆ స్కానును ఎంతవరకు నమ్మవచ్చు?

లోపాన్ని బట్టి ఉంటుంది. పుర్రె పైభాగం ఏర్పడని అనెన్‌సెఫలీ మూడు నాలుగు నెలలకే స్పష్టంగా కనిపిస్తుంది, అందులో పొరపాటుకు అవకాశం దాదాపు లేదు. వెన్నుపూస చీలిక, పొట్ట గోడ మూసుకోకపోవడం, గుండె గదుల్లో పెద్ద తేడాలు 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలను వివరంగా చూసే టిఫా స్కానులో చాలావరకు దొరుకుతాయి. అన్నవాహిక మూసుకుపోయి ఉండటం తరచుగా తప్పించుకుంటుంది. ఉమ్మనీరు ఎక్కువగా ఉండటం, బిడ్డ జీర్ణాశయం కనబడకపోవడం మాత్రమే దానికి ఆనవాళ్లు. వినికిడి, తెలివితేటలు ఏ స్కానులోనూ కనిపించవు.

దీనికి రెండో వైపూ ఉంది. గుండెలో తెల్లటి చుక్క, మెదడులో చిన్న నీటి బుడగ వంటివి రిపోర్టులో రాయగానే ఇల్లంతా ఏడుపు మొదలవుతుంది. మిగతా స్కాను బాగుంటే ఇలాంటివి చాలామటుకు లోపాలే కావు. అందుకే రిపోర్టు చేతికి రాగానే ఏ నిర్ణయమూ తీసుకోకుండా గర్భస్థ శిశువుల నిపుణుల దగ్గర రెండోసారి చూపించుకోండి. గుండె విషయమైతే బిడ్డకు విడిగా ఎకో (గుండె స్కాను) చేయించాలి.

24 వారాలు దాటిపోయాయి. ఇప్పుడు గర్భం తీయించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా?

బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే ఒప్పుకుంటుంది. 1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం సరిపోతుంది. ఆ తరువాత తీవ్రమైన లోపాల విషయంలో బోర్డు చూస్తుంది. బోర్డులో స్త్రీవైద్య నిపుణులు, పిల్లల డాక్టరు, స్కానింగు డాక్టరు ఉంటారు. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో వాళ్లు అభిప్రాయం చెప్పాలని నిబంధన. రోజులు ముఖ్యం కాబట్టి స్కాను నకళ్లన్నీ వెంట పెట్టుకుని వెళ్లండి.

చాలామందికి తెలియని సంగతి మరొకటి. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం కావాలని చట్టంలో ఎక్కడా లేదు. అత్తమామల సంతకం సంగతి ఇక చెప్పనక్కరలేదు.

లోపం ఉందని తెలిసి కూడా కంటామంటే అందరూ వింతగా చూస్తున్నారు. మాది తప్పా?

తప్పు కాదు. గర్భం తీయించుకునే హక్కు ఎలాంటిదో నిలుపుకునే హక్కూ అలాంటిదే. ఇక ఆలోచించవలసింది కాన్పు ఎక్కడ, ఎలా అన్నది. పుట్టిన వెంటనే ఆపరేషన్ అవసరమయ్యే గుండె జబ్బయితే పిల్లల గుండె వైద్యం ఉన్న ఊళ్లోనే కాన్పు కావాలి. పుట్టాక అంబులెన్సులో తిప్పడం కంటే తల్లి పొట్టలో ఉండగా ప్రయాణం చేయడం బిడ్డకు వెయ్యి రెట్లు క్షేమం. అనెన్‌సెఫలీ వంటిదైతే బిడ్డ కోసమని సిజేరియన్ చేయడంలో అర్థం లేదు. ఆ కోత తల్లికి మిగులుతుంది, బిడ్డకు పనికిరాదు. పుట్టాక వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది కాన్పుకు ముందే మాట్లాడుకుని కేసు షీటులో రాయించండి.

కడుపులోనే ఆపరేషన్ చేస్తారట కదా?

వెన్నుపూస చీలికకు చేస్తారు. 26 వారాలు నిండకముందే గర్భాశయం తెరిచి బిడ్డ వెన్నును మూసివేస్తే ఎలా ఉంటుందో అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. పుట్టాక ఆపరేషన్ చేసినవారిలో 82 శాతం మందికి ఏడాదిలోపే తలలో నీరు తీసే షంట్ అవసరమైతే, కడుపులో చేసినవారిలో అది 40 శాతమే. రెండున్నరేళ్లకు ఆసరా లేకుండా నడిచినవారు 21 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. మరోవైపు నెలలు నిండకుండా పుట్టడం బాగా ఎక్కువైంది, తల్లి గర్భాశయం మీద కోత తరువాతి కాన్పులకూ ప్రమాదమే. ఆపరేషన్‌తో బిడ్డ పూర్తిగా మామూలైపోతుందన్న భరోసా లేదు. మన దేశంలో చేసే చోట్లు చాలా తక్కువ.

## పుట్టిన మొదటి గంటల్లో

మేము చేసిన తప్పేమిటి? గ్రహణం రోజు బయటికి వెళ్లడం వల్లనేనా?

కాదు. ఈ నింద మన భాషలోనే ఉంది. చీలిన పెదవికి మనవాళ్లు పెట్టిన పేరే గ్రహణపు మొర్రి. పేరు పలికిన ప్రతిసారీ తల్లి మీద అభియోగం మోపినట్టే అవుతుంది. పెదవి గర్భం మొదలైన నాలుగు నుంచి ఏడు వారాల మధ్య అతుక్కుంటుంది. వెన్నెముక గొట్టం మూసుకునేది మొదటి 28 రోజుల్లో. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. ఆరో నెలలో గ్రహణం చూసినా, కత్తి పట్టినా, బొప్పాయి తిన్నా అప్పటికే ఏర్పడిన పెదవి చీలదు. విచిత్రమేమిటంటే, మెక్సికోలో కూడా చంద్రగ్రహణానికీ పెదవి చీలికకూ ముడిపెట్టే నమ్మకం ఉంది.

ఎలాంటి కారణమూ లేని దంపతులకు కూడా నూరు కాన్పుల్లో రెండు మూడింట ఏదో ఒక లోపం ఉంటుంది. అదుపులో లేని మధుమేహం, కొన్ని మూర్ఛ మందులు, మద్యం, రుబెల్లా, ఫోలిక్ యాసిడ్ లోటు, దగ్గరి రక్తసంబంధం తెలిసిన కారణాలు. సగానికి పైగా బిడ్డల్లో కారణం దొరకదు. దొరకలేదు కదా అని తల్లినే కారణం చేస్తారు, అక్కడే నాకు కోపం వస్తుంది.

తల్లికి ఎప్పుడు చెప్పాలి? కుట్లు మానేదాకా దాచమని పెద్దలు అంటున్నారు.

దాచకండి. ప్రేమతోనే దాస్తారు, నాకు తెలుసు. బాలింతకు దుఃఖం తగిలితే పాలు ఇంకిపోతాయని, కుట్లు చీముపడతాయని భయం. కానీ మంచం మీద ఉన్న మనిషికి కళ్లూ చెవులూ ఉంటాయి. పక్క మంచం బిడ్డ పాలకు ఏడుస్తుంటే తన బిడ్డ ఎందుకు రాలేదని ఆమె అడుగుతూనే ఉంటుంది. ‘కామెర్లకు లైటు కింద పెట్టారు’ అని మీరు చెప్పిన అబద్ధం రెండో రోజుకు నర్సు నోటనో స్వీపరు నోటనో బయటపడుతుంది. ఆ తరువాత మీరు చెప్పే నిజాన్ని కూడా ఆమె నమ్మదు.

ఒకసారి పదకొండు రోజులు దాచారు. బిడ్డ తొమ్మిదో రోజున పోయాడు. ఆ తల్లి నన్ను అడిగింది ఒక్కటే: ‘వాడి మొహం ఎలా ఉండేది?’ ఇంట్లో ఎవరి ఫోనులోనూ ఒక్క ఫోటో లేదు.

తల్లి, తండ్రి ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పించండి. లోపం పేరు చెప్పే ముందు బిడ్డను చూపించడం మంచిది. తెలియని లోపాన్ని మనసు భయంకరంగా ఊహించుకుంటుంది. చూశాక చాలామంది తల్లులు ముందు ముక్కు ఎవరిదో, జుట్టు ఎవరిదో వెతుకుతారు. చక్రాల కుర్చీలోనైనా ఆమెను లోపలికి తీసుకెళ్లమని అడగండి. ఇంకో సంగతి, చికిత్స నిర్ణయాల్లో ఆమె సమ్మతికీ విలువ ఉంది. విషయమే తెలియని మనిషి దేనికి సమ్మతించగలదు?

పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు. దారిలో ఏమి చూసుకోవాలి?

ముందు వెచ్చదనం. చల్లబడటం వల్లనే దారిలో చాలామంది బిడ్డలు చేజారుతారు. తలకు టోపీ పెట్టి, వీలైతే తల్లి లేదా తండ్రి ఛాతీకి చర్మం తగిలేలా హత్తుకోండి. అన్నవాహిక మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే చుక్క పాలు కూడా పోయకూడదు, తేనె నాకించకూడదు. తల వైపు కాస్త ఎత్తుగా ఉంచాలి, నోటి నురుగును పీల్చి తీస్తూ ఉండాలి. వీపు మీద బుడగలాంటి గడ్డ ఉంటే బోర్లా గానీ పక్కకు గానీ పడుకోబెట్టి, శుభ్రమైన సెలైన్‌తో తడిపిన గుడ్డ కప్పాలి. పేగులు బయటికి ఉంటే శుభ్రమైన ప్లాస్టిక్ సంచితో ఛాతీ దాకా కప్పి ఉంచుతారు. 108 పిలిచేటప్పుడు అప్పుడే పుట్టిన బిడ్డకు ఆక్సిజన్, వెచ్చదనం కావాలని ముందే చెప్పండి. వెళ్లే చోటికి ఫోను చేసి మంచం ఉందో లేదో కనుక్కున్నాకే కదలండి. తల్లి రాలేకపోతే ఆమె రక్తం నమూనా, కాన్పు కాగితాలు వెంట ఉండాలి.

పుట్టగానే బాగానే ఏడ్చాడు, మూడో రోజు నీలంగా అయిపోయాడు. పుట్టినప్పుడు చూడలేదా?

చూసినా తెలియకపోవచ్చు. కడుపులో ఉన్నప్పుడు గుండె దగ్గర తెరిచి ఉండే ఒక చిన్న రక్తనాళం పుట్టిన రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది. కొన్ని గుండె లోపాలు ఉన్న బిడ్డలు ఆ దారి మీదే బతుకుతుంటారు, మూసుకోగానే కుప్పకూలుతారు. ప్రోస్టాగ్లాండిన్ మందు ఎక్కిస్తే ఆ దారి తెరుచుకుని ఉంటుంది, అంతలో శస్త్రచికిత్సకు తీసుకెళ్లవచ్చు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాలు తారుమారైన లోపాన్ని మొదటి రెండు మూడు వారాల్లోనే సరిచేస్తే ఫలితాలు చాలా బాగుంటాయి. పుట్టిన 24 గంటల తరువాత కుడి చేతికి, కాలికి పల్స్ ఆక్సీమీటరు పెట్టి చూస్తే ఇలాంటివారిలో చాలామందిని ముందే పట్టుకోవచ్చు. డిశ్చార్జికి ముందు ఆ పరీక్ష చేశారా అని ప్రతి తల్లీ అడగాలి.

## నిర్ణయాలు తీసుకోవలసిన రోజుల్లో

‘బతుకుతాడా?’ అంటే డాక్టరు సూటిగా చెప్పరు. ఎందుకు?

ఒక్కోసారి నిజంగానే తెలియదు కాబట్టి. ఒక్కోసారి చెప్పే ధైర్యం లేక. ఏది ఏ సందర్భమో తెలుసుకోవాలంటే ప్రశ్న మార్చి అడగాలి.

అన్నవాహిక మూసుకుపోవడం, పేగులు బయటికి రావడం, రక్తనాళాలు తారుమారవడం వంటివి చూడటానికి భయంగా ఉన్నా సరైన చోట ఆపరేషన్ జరిగితే ఎక్కువమంది పిల్లలు బడికి వెళ్లి ఆడుకునేవాళ్లవుతారు. వెన్నుపూస చీలిక, తెలివి ఎదుగుదల నెమ్మదిగా ఉండే డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు బతుకుతారు, జీవితాంతం కొంత ఆసరా కావాలి. అనెన్‌సెఫలీలో ఏ చికిత్సా ఫలితాన్ని మార్చదు. చాలామంది గంటల్లో, కొందరు రోజుల్లో వెళ్లిపోతారు. 18వ క్రోమోజోము మూడు ఉన్న బిడ్డల్లో ఏడాది నిండేవారు పదిమందిలో ఒకరికి మించరు. మధ్యలో ఉండేవే కష్టమైనవి. గుండె ఎడమ భాగం ఎదగని బిడ్డకు మూడు దశల ఆపరేషన్లు ఉన్నాయి; ప్రతి దశలోనూ ప్రమాదం ఉంది, అన్నీ దాటినా బిడ్డకు మిగిలేది సగం గుండే. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానంలో రంధ్రం ఉండి పేగులు ఛాతీలోకి వెళ్లిన బిడ్డ భవిష్యత్తు ఊపిరితిత్తులు ఎంత ఎదిగాయన్నదాని మీద ఉంటుంది, అది మొదటి రోజు తేలదు.

ఇలా అడిగి చూడండి: ఈ చికిత్స జబ్బును నయం చేస్తుందా, రోజులను పొడిగిస్తుందా? ఇలాంటి బిడ్డలకు ఇదే ఆస్పత్రిలో ఎంతమందికి చేశారు, ఎలా ఉన్నారు? అయిదేళ్లకు మా బిడ్డ ఒక మామూలు రోజు ఎలా గడుపుతాడు? సూటి ప్రశ్నకు డాక్టర్లు సూటిగా చెప్పడానికి ప్రయత్నిస్తారు.

డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డకు పేగు ఆపరేషన్ కావాలన్నారు. చేయించకపోతే తప్పా?

నా అభిప్రాయం దాచను: చేయించాలి. 1982లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బ్లూమింగ్టన్‌లో డౌన్ సిండ్రోమ్‌తో, అన్నవాహిక మూసుకుపోయి ఒక బిడ్డ పుట్టాడు. తల్లిదండ్రులు ఆపరేషన్ వద్దన్నారు, కోర్టు వారికే ఆ హక్కు ఇచ్చింది, ఆరో రోజున బిడ్డ పోయాడు. పేరు బయటపెట్టక బేబీ డో అన్నారు. ఆ గొడవ 1984లో చట్టం మార్చేదాకా వెళ్లింది.

ఆ కేసులో ఆపరేషన్ కష్టమైనది కాదు. మామూలు బిడ్డకైతే ఎవరూ రెండోసారి ఆలోచించేవారు కారు. ఆపింది అన్నవాహిక కాదు, తెలివి తక్కువగా ఉంటుందన్న ఊహ. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి గుండె లోపం కూడా ఉంటుంది, అదీ చాలావరకు సరిచేయగలిగినదే. మంచి వైద్యం అందే దేశాల్లో వాళ్లు అరవై ఏళ్ల దాకా బతుకుతున్నారు. ‘ఇదే ఆపరేషన్ ఈ లోపం లేని బిడ్డకు చేయిస్తామా?’ అని మిమ్మల్ని మీరే అడగండి. అవును అనిపిస్తే ఈ బిడ్డకూ ఆ జవాబే.

ఎవరికి చికిత్స చేయాలో, ఎవరికి వద్దో డాక్టర్లకు ఒక లెక్క ఉంటుందా?

లెక్కలు గట్టినవాళ్లు ఉన్నారు. ఇంగ్లండులోని షెఫీల్డులో వెన్నుపూస చీలికతో పుట్టిన వందలాది పిల్లలకు వైద్యం చేసిన జాన్ లోర్బర్ 1971లో కొన్ని గుర్తులు ప్రకటించాడు: కాళ్లు బాగా చచ్చుబడటం, పుట్టేసరికే తల పెద్దదవడం, వెన్ను వంకర వంటివి ఉంటే ఆపరేషన్ చేయకపోవడమే మంచిదని. 1973లో అమెరికాలోని యేల్‌కు చెందిన ఇద్దరు పిల్లల డాక్టర్లు తమ విభాగంలో జరిగిన 299 మరణాల్లో 43 చికిత్స ఆపాలన్న నిర్ణయంతో జరిగినవేనని బహిరంగంగా రాశారు. అప్పటిదాకా తలుపుల వెనకే ఉన్న మాట అది. నెదర్లాండ్స్‌లో 2004లో గ్రోనింగెన్ వైద్యులు ఇంకా ముందుకు వెళ్లి, తీర్చలేని బాధలో ఉన్న శిశువు ప్రాణం తీయడానికి కూడా షరతులు రాశారు. అది మన దేశంలో నేరం.

లోర్బర్ గుర్తులను ఇప్పుడు ఎవరూ గుడ్డిగా వాడరు. ఏ బిడ్డ ఎలా ఎదుగుతుందో పుట్టిన రోజున చెప్పే శక్తి వాటికి లేదని తరువాత తేలింది.

వెంటిలేటర్ తీసేయమని అడగవచ్చా? అది చంపడం కాదా?

అడగవచ్చు. బిడ్డ కోలుకునే అవకాశమే లేనప్పుడు, యంత్రం చావును వాయిదా వేయడం తప్ప ఏమీ చేయనప్పుడు దాన్ని తీసివేయడం చంపడం కాదు. జబ్బు దారిన జబ్బును వెళ్లనివ్వడం. ప్రాణం తీయడానికి ఇంజెక్షన్ ఇవ్వడం వేరు, అది హత్యే. సుప్రీంకోర్టు 2011లో అరుణా శాన్‌బాగ్ కేసులో మొదటిసారి ఈ తేడాను ఒప్పుకుంది, 2018 మార్చి 9న కామన్ కాజ్ తీర్పులో స్థిరపరిచింది, 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఆస్పత్రిలో ఒక వైద్య బోర్డు, దానిపైన రెండో బోర్డు చూసి ఒప్పుకోవాలి, దగ్గరివాళ్ల సమ్మతి ఉండాలి, మేజిస్ట్రేటుకు తెలియజేయాలి.

జరుగుతున్నది మాత్రం వేరు. ఈ కాగితాలకు భయపడి చాలాచోట్ల కుటుంబం చేత ‘వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం’ అని రాయించుకుని సంతకం పెట్టిస్తారు. తండ్రి చేతిలో బిడ్డను పెట్టి పంపేస్తారు. ఆటోలోనో, మెట్ల మీదో ఆ ఊపిరి ఆగిపోతుంది. నొప్పికి మందు లేదు, పక్కన నర్సు లేదు, బిడ్డను మేమే చంపుకున్నామన్న బరువు మాత్రం జీవితాంతం ఆ సంతకం పెట్టినవాడి మీద ఉంటుంది. ఉన్న దారులన్నిటిలో చెడ్డది ఇదే. దీన్ని మీ ముందు పెడితే ఒక్క ప్రశ్న అడగండి: ‘చికిత్స వద్దన్నది మీ అభిప్రాయం కూడా అయితే, ఇక్కడే నొప్పి లేకుండా చూసుకోరా?’

డాక్టర్లు ఇక చాలన్నా మాకు మనసు ఒప్పడం లేదు. ఆపవద్దని పట్టుబట్టవచ్చా?

కొంతవరకు పట్టుబట్టవచ్చు. అమెరికాలోని వర్జీనియాలో 1992లో అనెన్‌సెఫలీతో పుట్టిన ఒక పాప విషయంలో తల్లి తన విశ్వాసం కొద్దీ వెంటిలేటర్ కావాలంది, ఆస్పత్రి కోర్టుకెళ్లింది, 1994లో అప్పీలు కోర్టు తల్లి పక్షాన తీర్పిచ్చింది. ఆ పాప రెండున్నరేళ్లు బతికింది. వైద్యులు ఈ కేసు మీద ఇప్పటికీ వాదించుకుంటారు. ఎవరి కోసం బతికించారన్నదే వాదన.

మన దగ్గర పనికొచ్చే దారి గడువు పెట్టుకోవడం. ‘అయిదు రోజులు అన్నీ చేద్దాం, మూత్రం రావడం, ఆక్సిజన్ అవసరం తగ్గడం, స్కాను ఈ మూడింటిలో మార్పు లేకపోతే మళ్లీ కూర్చుందాం’ అని ముందే తేదీ వేసుకుంటే ఇరువైపులా మాట పట్టింపు ఉండదు. పదిమంది బంధువులు వచ్చిన రోజే నిర్ణయించకండి.

అంత పసిబిడ్డకు నొప్పి తెలుస్తుందా?

తెలుస్తుంది. 1980ల దాకా నవజాత శిశువులకు నొప్పి పెద్దగా ఉండదని నమ్మి, చాలా తక్కువ మత్తుతోనే ఆపరేషన్లు చేసేవారు. ఆక్స్‌ఫర్డులో పనిచేస్తున్న భారతీయ వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్ బృందం 1987లో నెలలు నిండని బిడ్డలకు గుండె దగ్గర చేసే ఆపరేషన్‌లో ఫెంటానిల్ అనే నొప్పి మందు ఇచ్చి చూస్తే ఒత్తిడి హార్మోన్లు తగ్గాయి, ఆపరేషన్ తరువాత చిక్కులూ తగ్గాయి. ఇప్పుడు ఫెంటానిల్, మార్ఫిన్ మామూలు. సూది గుచ్చేటప్పుడు నాలుక మీద రెండు చుక్కల తల్లిపాలు కూడా పనిచేస్తాయి. చికిత్స ఆపినా నొప్పి మందు ఆపకూడదు.

ఆడపిల్లకు ఇంత ఖర్చెందుకని ఇంట్లో అంటున్నారు.

ఇది వైద్య ప్రశ్నా కాదు, నీతి ప్రశ్నా కాదు. మగపిల్లవాడైతే చేయించే చికిత్సే చేయించండి.

## డబ్బు గురించి

ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? బిడ్డకు ఇంకా కార్డు కూడా లేదు.

పుట్టుకతో వచ్చే గుండె లోపాల ఆపరేషన్లకు, చాలా శస్త్రచికిత్సలకు వర్తిస్తుంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. పేరు కార్డులో ఎక్కలేదని వెనక్కి వెళ్లకండి. పథకంలో ఉన్న నెట్‌వర్కు ఆస్పత్రిలో సాయపడటానికి ఆరోగ్యమిత్ర ఉంటారు, తల్లిదండ్రుల కార్డు, పుట్టిన కాగితం చూపించి ముందు వారిని అడగండి, అడ్వాన్సు కట్టాక కాదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వెన్నుపూస చీలిక, డౌన్ సిండ్రోమ్, గ్రహణపు మొర్రి, వంకర పాదం, పుట్టు శుక్లం, పుట్టు చెవుడు, గుండె లోపాలు ఉచిత వైద్యానికి వస్తాయి. జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రం, లేదా మీ ఆశా కార్యకర్త ద్వారా వెళ్లాలి. హైదరాబాద్‌లో నీలోఫర్ పిల్లల ప్రభుత్వ ఆస్పత్రి. తిరుపతిలో టీటీడీ 2021లో తెరిచిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం గుండె ఆపరేషన్లు చేస్తుంది.

డబ్బు లేక చికిత్స మానేస్తే మేము పాపాత్ములమా?

కాదు. కానీ నాకు తెలిసిన ఒక పని చేసి చూడండి. ‘డబ్బు సమస్యే లేకపోతే ఏమి చేస్తాం?’ అని ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాయండి. ఇద్దరూ ‘చేయిస్తాం’ అని రాస్తే మీ ముందున్నది బతుకుచావుల ప్రశ్న కాదు, నిధుల ప్రశ్న. ఇక తిరగవలసింది పథకాల కార్యాలయానికి, ముఖ్యమంత్రి సహాయ నిధికి, సామాజిక కార్యకర్త దగ్గరికి. ఇద్దరూ ‘ఆ బాధ వాడికి వద్దు’ అని రాస్తే అప్పుడు డబ్బు ఒక సాకు మాత్రమే, దాని వెనక దాక్కోనవసరం లేదు. పొలం అమ్మి, మిగతా పిల్లల చదువు మాన్పించి, ఫలితం లేని చికిత్సకు పోయడం త్యాగం అనిపించుకోదు. ఆ లెక్కలో మిగతా పిల్లలు కూడా మీ పిల్లలే.

## బిడ్డ దక్కనప్పుడు

చివరి గంటల్లో ఎత్తుకోవచ్చా?

ఎత్తుకోండి. గొట్టాలు తీయించి, దుప్పటిలో చుట్టి ఒడిలో పెట్టమని అడగండి. పేరు పెట్టండి, స్నానం చేయించండి, ఫోటో తీసుకోండి, పాదాల ముద్ర తీసుకోండి. తాతమ్మను, అన్నయ్యను పిలవండి. ఊపిరి మధ్యమధ్య ఆగి మళ్లీ వస్తుంది, దాన్ని చూసి కంగారు పడకండి. ఖననం ఎక్కడ, ఎలా అన్నది మీ ఆచారం ప్రకారమే. తల్లి వెళ్లకూడదని ఎవరైనా అంటే వెళ్లాలో వద్దో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి.

గంటే బతికాడు. జనన ధ్రువపత్రం కావాలా?

ఒక్క నిమిషం బతికినా జననం, మరణం రెండూ 21 రోజుల్లో నమోదు చేయాలి. సెలవులకూ పథకాలకూ అవసరపడుతుంది. చాలామంది ఆ కాగితాన్ని వేరే కారణంతోనే దాచుకుంటారు.

బిడ్డ పోయినా పాలు వస్తున్నాయి. ఏమి చేయాలి?

పిండేకొద్దీ ఎక్కువగా వస్తాయి, కాబట్టి నొప్పి తగ్గేంత మాత్రమే తీసి, చల్లటి గుడ్డ వేసుకోవాలి. పాలు ఆపే మాత్ర డాక్టరు రాస్తారు. కొందరు తల్లులు పాలను ఇతర బిడ్డలకు ఇస్తారు, నీలోఫర్‌లో తల్లిపాల బ్యాంకు ఉంది. ఇవ్వాలనిపించకపోతే అది లోభం కాదు.

## ఇంటికి తీసుకెళ్లాక

షంట్ వేసి పంపారు. ఎప్పుడు భయపడాలి?

వాంతులు ఆగకపోయినా, మాడు ఉబ్బినా, నల్లగుడ్లు కిందికి దిగిపోయినట్టు కనిపించినా, మత్తుగా పడి ఉన్నా, జ్వరం వచ్చినా అదే రోజు శస్త్రచికిత్స విభాగానికి వెళ్లాలి. వెన్నుపూస చీలిక ఉన్న బిడ్డకు మూత్రం పూర్తిగా బయటికి రాక మూత్రపిండాలు దెబ్బతింటాయి. సన్నటి గొట్టంతో రోజూ తీయడం నర్సు దగ్గర నేర్చుకోండి. రబ్బరు గ్లవ్స్ వీళ్లకు అలర్జీ కావచ్చని ప్రతి ఆస్పత్రిలోనూ చెప్పండి.

పెద్దయ్యాక ఎలా? మేము లేకపోతే వీడికి దిక్కెవరు?

మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల కోసం సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉంది, పసివయసు నుంచే శిక్షణ ఇస్తారు. వైకల్యం నిర్ధారణయ్యాక యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది. పద్దెనిమిదేళ్ల తరువాత చట్టబద్ధ సంరక్షకుడిని నియమించే వీలు కూడా అదే చట్టంలో ఉంది. ఆ నియామకం మీరు ఉండగానే చేయించాలి. అన్నదమ్ములు చూసుకుంటారులే అన్న మాట కాగితం కాదు.

మేము పెంచలేం. ఎవరికైనా ఇచ్చేయవచ్చా?

బిడ్డను నేరుగా ఎవరి చేతిలోనూ పెట్టకూడదు, ఎక్కడా వదిలేయకూడదు, వదిలేయడం నేరం. జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు చట్టప్రకారం అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి 60 రోజులు గడువిస్తారు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేస్తే దారి చెబుతారు.

## మళ్లీ బిడ్డ కావాలనుకున్నప్పుడు

మాది మేనరికం. మళ్లీ ఇలాగే అవుతుందా?

లోపం పేరు తెలియకుండా ఎవరూ చెప్పలేరు. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఒకే దోషపు జన్యువు దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కదా, తరువాతి ముగ్గురికి రాదులే అని లెక్కగట్టేవాళ్లున్నారు. ప్రతిసారీ పాచిక కొత్తగానే పడుతుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిలో లోపం అవకాశం బయటి సంబంధం కంటే సుమారు రెట్టింపు. మేనమామతో పెళ్లయితే ఇంకా ఎక్కువ. అంటే మేనరికం దంపతుల్లోనూ ఎక్కువమందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు.

ఇందులో తొందర పడవలసినది ఒక్కటే. బిడ్డ పోయేలా ఉంటే ముందే రెండు మిల్లీలీటర్ల రక్తం తీయించి డీఎన్‌ఏ దాచమని అడగండి. ఆ నమూనా లేక తరువాతి గర్భంలో ఏమి వెతకాలో తెలియని కుటుంబాలను ఎందరినో చూశాను. హైదరాబాద్‌లో నిమ్స్ జన్యు వైద్య విభాగం, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ ఈ పరీక్షలు చేస్తాయి. కొన్ని అరుదైన వ్యాధులకు 2021 జాతీయ విధానం కింద 50 లక్షల రూపాయల దాకా సాయం కూడా ఈ రెండింటి ద్వారా అందుతుంది.

వెన్నుపూస చీలిక మళ్లీ రాకుండా ఏమైనా మందు ఉందా?

ఉంది, చాలా చవకైనది. ఒకసారి వచ్చిన దంపతులకు మళ్లీ వచ్చే అవకాశం నూటికి మూడు నాలుగు. ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో వాడితే ఆ ప్రమాదం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్‌లో తేలింది. మీకు కావలసింది రోజుకు 5 మిల్లీగ్రాముల మాత్ర, డాక్టరు చీటీ మీద. ఇదివరకు ఇలాంటి బిడ్డ లేనివారికి 400 మైక్రోగ్రాములు చాలు. గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం నెల ముందు మొదలుపెట్టి మూడో నెల నిండేదాకా వేసుకోవాలి. నెల తప్పాక మొదలుపెడితే అప్పటికే వెన్నెముక గొట్టం మూసుకునే రోజులు దాటిపోతాయి. మూర్ఛ మందులు వాడుతున్నవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు ఆ మాత్ర చీటీ రాయించుకున్న రోజునే ఆ మందుల సంగతి కూడా అడగాలి.